బ్లేడు కొన్నట్టే మాస్కూ కొనాలి

తాడిపత్రి దగ్గర నుంచి 34 ఏళ్ల పాఠకుడు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులో ఉన్నది ఇదీ.

మూడేళ్ల కిందట ఆయన 12 లక్షలు తెచ్చి అక్క భర్త నడుపుతున్న గ్రానైట్ ఫ్యాక్టరీలో పెట్టారు. సగం భార్య నగలు అమ్మిన డబ్బు, సగం నాయన పంచి ఇచ్చిన చేను అమ్మిన డబ్బు. పార్ట్‌నర్‌షిప్ డీడ్ ప్రకారం ఈయన వాటా 40 శాతం, బావది 60. బ్యాంకు పనులు, అమ్మకాలు బావ చూసుకుంటాడు. షెడ్డులో 14 మంది పనివాళ్లను ఈయన చూసుకుంటాడు. పొద్దున ఆరున్నరకు వెళ్తే రాత్రి ఏడింటికి ఇల్లు. జీతం లేదు.

మొన్న అక్క కూతురి నిశ్చితార్థంలో బావ పదిమంది ముందు "ఈ ఏడు మనకు 22 లక్షలు లాభం వచ్చింది" అన్నాడట. ఈయన మనసులో 8 లక్షల 80 వేలు లెక్క వేసుకున్నాడు. చేతికి వచ్చింది 2,09,000. ఆ రాత్రి నుంచి ఇంట్లో గొడవ. "మీ బావ నిన్ను ముంచేశాడు" అని భార్య అంటోంది. ఆ మాట ఎలాగో అక్క చెవిన పడి, ఆమె ఫోన్ చేయడం మానేసింది.

రెండో సంగతి షెడ్డుకు సంబంధించినది. 22 ఏళ్లుగా రాయి కోస్తున్న 52 ఏళ్ల పెద్దాయన ఒకరు నెలల తరబడి దగ్గుతున్నాడు. టీబీ అన్నారు, మందులు వాడుతున్నాడు. ఈయన భయపడి అందరికీ మంచి మాస్కులు కొందామంటే బావ "నికరంగా మిగిలేదెంతప్పా? మిగిలినాక సూద్దాంలే" అన్నాడు. కరోనా నాటి నీలం రంగు మాస్కుల డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు. పనివాళ్లేమో "తువ్వాలు సాలు సామీ, ఇదేస్కుంటే ఊపిరాడదు" అంటున్నారు. "బావ నన్ను మోసం చేశాడా? వాటా తీసుకుని బయటికి రావాలా? మాస్కుల విషయంలో నేనే అతి చేస్తున్నానా?" అని అడిగారు. ఆడిటర్ ఆఫీసులో ఎవరో ఇచ్చిన లెక్క కాగితాన్ని కూడా చేత్తో రాసి పంపారు.

సమాధానం:

ఆ కాగితం పంపడం మంచి పనైంది. అది లేకపోతే నేను కూడా మీ అనుమానం చుట్టూ తిరిగేదాన్ని. అనంతపురంలో 30 ఏళ్లు చిన్న ఫ్యాక్టరీల లెక్కలు రాసినదాన్ని కాబట్టి ముందు అదే తీసుకుంటాను.

మీ షెడ్డుకు బ్లాకు లారీ వచ్చినప్పుడు కాటా చీటీ మీరే చూస్తారు కదా. అందులో మూడు అంకెలుంటాయి: గ్రాస్, టేర్, నెట్. లారీతో కలిపి తూచినది గ్రాస్. ఖాళీ లారీ బరువు టేర్. అది తీసేస్తే నెట్. గ్రాస్ బరువుకు డబ్బు కట్టమని క్వారీవాడు అడిగితే మీరు ఊరుకోరు. లాభంలోనూ గ్రాస్, నెట్ ఉన్నాయి. తెలుగులో స్థూల లాభం, నికర లాభం అంటాం. మీ బావ నిశ్చితార్థంలో చెప్పింది గ్రాస్. మీకు ఇచ్చింది నెట్‌లో వాటా. ఆ రెంటి మధ్యలో ఏముందో మీకెవరూ చెప్పలేదు.

మీరు పంపిన అంకెలే ఇవి. జీఎస్టీ పోగా ఏడాది అమ్మకాలు 1 కోటి 10 లక్షలు. బ్లాకులు, రవాణా కలిపి 47 లక్షలు. పనివాళ్ల కూలి 21 లక్షలు. కరెంటు 12 లక్షలు. బ్లేడ్లు, సెగ్మెంట్లు, పాలిష్ రాళ్లు 8 లక్షలు. మొత్తం 88 లక్షలు. రాయి స్లాబుగా మారడానికి నేరుగా అయిన ఖర్చు ఇది. అమ్మకాల్లోంచి దీన్ని తీసేస్తే మిగిలిన 22 లక్షలే స్థూల లాభం.

తర్వాత రాయి కోసినా కోయకపోయినా ఆగని ఖర్చులు వస్తాయి. స్థలం అద్దె 2 లక్షల 40 వేలు, గుమాస్తా, వాచ్‌మన్ జీతాలు 2 లక్షల 60 వేలు, బ్యాంకు వడ్డీ 4 లక్షల 20 వేలు, రిపేర్లు, ఫోన్లు, ఆడిటర్ ఫీజు వగైరా 1 లక్షా 60 వేలు, మెషీన్ల తరుగుదల, అంటే వాడకంతో ఏటా తగ్గే వాటి విలువ, 3 లక్షల 60 వేలు. ఇవన్నీ 14 లక్షల 40 వేలు. మిగిలింది 7 లక్షల 60 వేలు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు ఆదాయపు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, అంటే రూపాయికి 31 పైసల పైచిలుకు. అది కట్టాక 5 లక్షల 23 వేలు. అందులో 40 శాతం మీ 2,09,000.

కాబట్టి ఈ కాగితం నిజమైతే మీ బావ పైసా దాచలేదు. పదిమందిలో గొప్ప కోసం పెద్ద అంకె చెప్పాడు, అంతే. అది పొరపాటే. కానీ మోసం వేరు, గొప్పలు చెప్పుకోవడం వేరు. మీ ఆవిడకు ఈ కాగితం మీద మీరే లెక్క వేసి చూపించండి. ఆమె నగలు అందులో ఉన్నాయి, అడిగే హక్కు ఆమెకుంది.

అయితే "ఈ కాగితం నిజమైతే" అన్నాను. మీ చోట నేనుంటే నాలుగు విషయాలు అడుగుతాను. మొదటిది అద్దె. ఫ్యాక్టరీ స్థలం బావ వాళ్ల నాయన పేరు మీద ఉందని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశారు. అంటే 2 లక్షల 40 వేలు ఆ ఇంటికే వెళ్తున్నాయి. తప్పేమీ లేదు, ఎవరి స్థలమైనా అద్దె అద్దే. కానీ చుట్టుపక్కల షెడ్లకు అంతే ఇస్తున్నారా అన్నది చూడాలి. రెండోది వడ్డీ. ఆ లోను ఫర్మ్ పేరు మీద ఉందా, బావ సొంత లోను వడ్డీ కూడా అందులో కలిసిందా? మూడోది, బెంగళూరు పార్టీ నుంచి 9 లక్షలు రావాలని రాశారు. అమ్మిన రోజే అది అమ్మకంగా, లాభంగా లెక్కలోకి ఎక్కేసింది, డబ్బు మాత్రం రాలేదు. తరుగుదల దీనికి తిరగబడి ఉంటుంది, ఖర్చుగా రాస్తారు కానీ ఆ ఏడు జేబులోంచి ఏమీ పోదు. ఇక లోను అసలు కంతులు జేబులోంచి పోతాయి, లాభనష్టాల లెక్కలో కనబడవు. అందుకే లాభం ఉన్నా గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. మీకు ఆ 2,09,000 ఇవ్వడానికి బావ ఎక్కడైనా చేబదులు తెచ్చాడేమో కూడా కనుక్కోండి.

నాలుగోది కాగితంలో లేనిది. పనివాళ్ల వైద్యానికి కట్టే ఈఎస్ఐ బీమా లైను నాకు కనబడలేదు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీకి, నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. యజమాని వంతు కూలిలో 3.25 శాతం, అంటే మీ 21 లక్షల మీద 68,250. కూలి పద్దులోనే కలిపి రాశారా, అసలు కట్టడం లేదా? కట్టకపోతే మీ నికర లాభం నిజానికి అంతకన్నా తక్కువ, కట్టాల్సింది బాకీగా పెరుగుతోంది. ఆ పెద్దాయనకు ఈ ప్రశ్న మీకన్నా ముఖ్యం.

ఇంకొకటి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీరు రోజుకు పన్నెండు గంటలు పనిచేస్తున్నారు. అదే పని ఇంకో షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేస్తే నెలకు 20,000 ఇస్తారనుకుందాం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. మీకొచ్చింది 2,09,000. అంటే మీ చాకిరీకే జీతం పూర్తిగా రాలేదు, 12 లక్షల పెట్టుబడికి వచ్చింది సున్నా. ఇది బావ మోసం కాదు. వ్యాపారం అంత బలంగా లేదు. ఆయన కూడా జీతం లేకుండానే తిరుగుతున్నాడని మర్చిపోకండి. ఇద్దరూ లాభం అనుకుంటున్నదాంట్లో చాలా భాగం మీ సొంత కూలి.

ఇప్పుడు మాస్కుల సంగతి. మీరు అతి చేయడం లేదు. ఆలస్యంగా మొదలుపెట్టారు.

చాలా ఏళ్ల కిందట స్టాకు లెక్కకని ఒక రాళ్ల షెడ్డుకు వెళ్లాను. పేరు అనవసరం. సాయంత్రం పని ఆగాక ఒక కుర్రాడు ముఖానికి కట్టుకున్న తువ్వాలు విప్పి దులిపాడు. కనురెప్పల వెంట్రుకల మీద కూడా బూడిద. తువ్వాలు లోపలి వైపు, ముక్కు ఆనుకునే చోట, పక్కపక్కనే రెండు తెల్లటి మచ్చలున్నాయి. అతను లోపలికి పీల్చిన గాలి గుడ్డలోంచి పొడిని ఎలా లాగిందో ఆ రెండు మచ్చలే చెప్పాయి. ఆ గుడ్డ మీద ఆగింది కంటికి కనబడే పొడి. అసలు చేటు చేసేది కనబడని పొడి.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది, రకాన్ని బట్టి పావు వంతు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. నల్ల గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే రాళ్లలో తక్కువ. మన నాపరాళ్లలోనూ తక్కువే గానీ లేకుండా పోదు. ఆ క్వార్ట్జ్ పొడిలో 10 మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితో పాటు లోపలికి పోతాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, పోల్చి చూసుకోండి. 4, 5 మైక్రాన్ల కన్నా చిన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి కూర్చుంటాయి. శరీరం వాటిని కరిగించలేదు, బయటికి నెట్టలేదు. వాటి చుట్టూ గట్టి మచ్చలు కడుతుంది. అదే సిలికోసిస్. మామూలుగా పదేళ్లు, ఆపైన పొడి పీల్చాక బయటపడుతుంది, పొడి మరీ ఎక్కువైతే ముందే వస్తుంది. వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు. మనకు దూరం కాని కోలార్ బంగారు గనుల్లో ఈ జబ్బును 1930లలోనే గుర్తించారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. పొడి పీల్చినవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువ.

బావ ఇచ్చిన నీలం మాస్కు వేరే పనికి. వేసుకున్నవాళ్ల తుంపర్లు ఎదుటివాళ్ల మీద పడకుండా ఆపడానికి దాన్ని చేశారు. దగ్గుతున్న పెద్దాయన నలుగురిలో ఉన్నప్పుడు అది వేసుకుంటే మిగతావాళ్లకు మేలు. కానీ చెంపల పక్కన సందులుంటాయి, పొడి అటునుంచి దూరుతుంది. రాతి పొడికి కావలసింది ముఖానికి అతుక్కునే ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 రకం. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతం ఆపేది. ఎఫ్ఎఫ్‌పీ రకాల మీద ఐఎస్ 9473 అన్న భారత ప్రమాణం గుర్తు ఉందో లేదో చూసి కొనండి. ముక్కు దగ్గర తీగ నొక్కాలి, రెండు పట్టీలూ తల వెనక్కి వెళ్లాలి. గుబురు గడ్డం ఉంటే అతుక్కోదు. పని అయ్యాక మాస్కు లోపలి వైపు, ముక్కు దగ్గర పొడి కనబడితే అది ఎక్కడో కారుతోందని అర్థం.

ఊపిరాడదని మీ వాళ్లనడం కూడా నిజమే. మీ ఊళ్లో ఏప్రిల్, మే ఎండకు రేకుల షెడ్డులో మాస్కు నరకం. అందుకే మాస్కు కన్నా ముందు నీళ్లు. పెద్ద కట్టర్ మీద నీళ్లు ఎలాగూ పడతాయి, అక్కడ పొడి తక్కువ. మీరు రాసినదాన్ని బట్టి ఆరుగురు చేతి గ్రైండర్లతో అంచులు పొడిగా కోస్తున్నారు. అసలు ప్రమాదం అక్కడుంది. ఆ గ్రైండర్లకు సన్నటి నీటి పైపు అమర్చగలరా చూడండి, నీళ్లతో వాడటానికి తయారైనవే వాడాలి, కరెంటుతో చెలగాటం వద్దు. సాయంత్రం పొడినేలను చీపురుతో ఊడ్పించకండి, తడిపి ఎత్తించండి. నీళ్లలో కలిసిన రాతి బురద, అదే స్లర్రీ, ఆరిపోతే మళ్లీ పొడే. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం ఆ రోజే మాన్పించండి. పొడిగా చేయక తప్పని పని పొద్దున చల్లపూట పెట్టుకుంటే మాస్కు భరించగలుగుతారు. గాలి బయటికి పోయే వాల్వు ఉన్నవి ఎండకు కాస్త నయం. ముందు మీరు వేసుకోండి, షెడ్డులోకి వచ్చినప్పుడల్లా బావ కూడా వేసుకోవాలి.

ఇక డబ్బు. "నికరంగా మిగిలినాక" అన్న మాటలో లెక్కల తప్పుంది. బ్లేడు అరిగితే మీ బావ ఏడాది చివర లాభం చూసి కొత్తది కొంటాడా? అప్పటికప్పుడే కొంటాడు, ఎందుకంటే అది లేకపోతే రాయి తెగదు. ఆ 8 లక్షలు స్థూల లాభం తేలకముందే తీసేసిన ఖర్చు. మాస్కు కూడా ఆ పద్దులోనే రాయాలి. రాయి కోయడానికి మనిషి ఊపిరి కూడా కావాలి కదా. దాన్ని మిగిలిన డబ్బులోంచి చేసే దానంగా చూస్తే ఎప్పటికీ మిగలదు.

ఎంతవుతుందో వేద్దాం. ధర అంగడిని బట్టి మారుతుంది, ఒక్కోటి 40 రూపాయలనుకోండి. పొడి పని చేసే ఆరుగురికి రోజుకొకటి, నెలకు 26 రోజులు, ఏడాదికి 1,872 మాస్కులు, 74,880 రూపాయలు. మీరు సగటున అడుగు 100 రూపాయలకు అమ్ముతున్నారు, అంటే ఏడాదికి 1,10,000 చదరపు అడుగులు. అడుగుకు 68 పైసలు పడుతుంది. బ్లేడ్ల ఖర్చే అడుగుకు 7 రూపాయల పైన ఉంది. పద్నాలుగు మందికీ ఇస్తే 1,74,720, అడుగుకు 1 రూపాయి 59 పైసలు. ఈ ఖర్చు చూపితే పన్ను కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి మీ వాటాలో కోత ఆరుగురికైతే 20,600, అందరికీ అయితే 48,000. ఇది చిన్న మొత్తం అని నేననను. 2,09,000లోంచి 48,000 పోతే ఇంట్లో తెలుస్తుంది. ముందు మీరు ఒప్పుకుని, తర్వాత బావను అడగండి. ఫిల్టర్ మార్చుకునే రబ్బరు మాస్కులు మొదట ఖరీదైనా ఏడాది మీద తక్కువ పడొచ్చు, రెండు రకాలూ ధర కనుక్కుని వెళ్లండి.

బయటికి రావాలా అన్నదానికి నేను ఒక్క మాటలో చెప్పను. మీ ముందున్న దారులు చెప్తాను.

ఉంటూనే లెక్కలు చూడటం ఒకటి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ప్రతి భాగస్వామికీ పుస్తకాలు చూసి, నకలు తీసుకునే హక్కుంది. అది ఎవరూ దయతో ఇచ్చేది కాదు. కానీ హక్కు ఉంది కదా అని ముందే లాయర్ నోటీసు పంపితే అక్క ఇంటి గడప మీకు మూసుకుపోతుంది. "బావా, నాకు లెక్కలు నేర్చుకోవాలనుంది, ఆడిటర్ దగ్గర ఒక పూట కూర్చుందాం" అనండి. ఆయన నొచ్చుకోవచ్చు. రెండు మూడు నెలలైనా వాయిదాలు వేస్తుంటే అప్పుడు రాతపూర్వకంగా అడగండి.

డీడ్ మార్చుకోవడం ఇంకో దారి. డీడ్‌లో రాసుకోకపోతే పనిచేసినందుకు భాగస్వామికి జీతం అడిగే హక్కు చట్టం ఇవ్వదు. ఇద్దరికీ నెలకు ఇంత అని రాసుకుంటే, పరిమితుల మేరకు ఫర్మ్‌కు పన్ను తగ్గుతుంది, మీ ఇంటికి ప్రతి నెలా ఏదో ఒకటి చేరుతుంది. నష్టమేంటంటే ఏడాది చివర పంచుకునే లాభం చాలా చిన్నదిగా కనబడుతుంది, బావకు పదిమందిలో చెప్పుకోవడానికి అంకె ఉండదు. నా మనసు ఈ దారి వైపే ఉంది, కానీ ఆ ఇంటి మనుషులు మీకు తెలిసినంత నాకు తెలియదు.

బయటికి రావడం మూడోది. మీ 12 లక్షలు బీరువాలో లేవు. మెషీన్లలో, యార్డులో నిలబెట్టిన బ్లాకుల్లో, బెంగళూరు బాకీలో ఉన్నాయి. ఒక్కసారిగా అడిగితే బావ మెషీను అమ్మాలి, లేదా కొత్త అప్పు తేవాలి. రెండేళ్ల వాయిదాలకు ఒప్పుకుంటే రావచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, బ్యాంకు లోను మీద మీ సంతకం ఉంటే, బ్యాంకు రాసి ఇచ్చేదాకా ఆ బాధ్యత మీది కూడా. తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే తర్వాతి అప్పులూ మీ తలకు చుట్టుకోవచ్చు.

ఏ దారి పట్టినా మాస్కులను దానికి ముడిపెట్టకండి. లెక్కల గొడవలో "ముందు నా వాటా తేల్చు, తర్వాత మాస్కులు" అన్న మాట మీ నోట రాకూడదు. ఫర్మ్ చేసిన పనులకు భాగస్వాములిద్దరూ బాధ్యులే, రేపు ఎవరైనా నష్టపరిహారం అడిగితే "బావ కొననన్నాడు" అన్నది పనికిరాదు. అక్కకు మాత్రం మీరే ముందు ఫోన్ చేయండి. లెక్కలు చెప్పక్కర్లేదు, నిశ్చితార్థం ఎలా జరిగిందో మాట్లాడండి చాలు.

పెద్దాయనను ఈ వారమే గ్రైండర్ దగ్గర్నుంచి తీసి, పొడి లేని పనిలో పెట్టండి, కూలి తగ్గించకండి. టీబీ మందులు మధ్యలో ఆపకుండా చూడండి. ఈసారి ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరే వెంట వెళ్లండి. ఎక్స్‌రేలో సిలికోసిస్ మచ్చలు టీబీ మచ్చల్లా కనబడొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. ఆయన "దగ్గు సార్" అని ఊరుకుంటాడు. 22 ఏళ్లుగా రాయి కోస్తున్నాడన్న మాట మీరు చెప్పాలి, చీటీ మీద రాయించాలి.